భుజానికి తగిన తుపాకి

మంగంపేటలో పుట్టిన పిల్లలకు బరువంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. ముగ్గురాయే చెబుతుంది. చూడ్డానికి మామూలు రాయిలాగే ఉంటుంది, చేతిలోకి తీసుకుంటే మణికట్టు కిందికి జారుతుంది. నీటికి నాలుగు రెట్లకు పైగా బరువు. ఆ ఊరి తండ్రి ఒకాయన ఈమధ్య నన్నడిగాడు: "మా పాపకు పన్నెండేండ్లు సార్. షూటింగ్ నేర్చుకుంటానంటాంది. మొదట ఏ రైఫిల్ కొనియ్యాల?" ఒక్కమాటలో చెప్పి పంపలేకపోయాను. ఈ రాయలసీమలో తుపాకి అన్నమాట వెనుక రెండొందల ఏళ్ల భయం ఉంది. అది తెలియకుండా పిల్ల చేతికి రైఫిల్ ఇవ్వడం నాకిష్టం లేదు.

1800లో నిజాం ఈ సీమ జిల్లాలను ఈస్టిండియా కుంపిణీకి ధారాదత్తం చేశాడు. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రోకు ఎదురైంది 80 మంది పాలెగాళ్లు, వాళ్ల వెంట ఆయుధాలు పట్టిన 30 వేల మంది. మంగంపేటకు దగ్గరలోని చిట్వేలిని ఏలిన మట్లి రాజులూ అట్లాంటి పాలెగాళ్లే. అప్పటి తుపాకి వత్తి అంటించి పేల్చేది. గురికన్నా చప్పుడే ఎక్కువ. పాలెగాళ్ల చేతుల్లో ఆయుధాలు లేకుండా చేయడమే మన్రో మొదటి పని అయింది. తర్వాత నలభై ఏళ్లకు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కుంపిణీ మీద తిరగబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయన్ను ఉరితీశారు. 1878 ఆయుధాల చట్టం వచ్చాక భారతీయుడికి తుపాకి కావాలంటే లైసెన్సు తప్పనిసరి, తెల్లవాళ్లకు మాత్రం మినహాయింపు. తుపాకి అంటే దొరది, కాకపోతే దొంగది అన్న భావం మనలో అట్లా నాటుకుంది.

మధ్యలో వేట కాలం ఒకటి నడిచింది. శేషాచలం అడవుల్లో, చామల లోయలో, మామండూరు స్టేషన్ పరిసరాల్లో పులుల కోసం తిరిగిన కెన్నెత్ ఆండర్సన్ కథలు 1954లో పుస్తకంగా వచ్చాయి. ఆ అడవి మన కోడూరుకు పక్కనే. ఊళ్లలో మాత్రం అడవిపందుల నుంచి చెనక్కాయ చేను కాపాడుకోవడానికి నాటు తుపాకులే దిక్కు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, వేట ముచ్చట ముగిసింది. దానికి నేను చింతించను.

మా తరానికి మొదటి రైఫిల్ చేతికిచ్చింది ఎన్‌సీసీ. 1948 చట్టంతో పుట్టిన ఈ సంస్థ పల్లె పిల్లాడి చేతికి పాయింట్ టూ టూ తెచ్చింది. అమెరికాలో 1887లో తయారైన పాయింట్ టూ టూ లాంగ్ రైఫిల్ తూటాదే ఆ కొలత, 5.6 మిల్లీమీటర్లు. భుజాన్ని తన్నదు, చెవులు పగలగొట్టదు. నేర్చుకునేవాడికి అంతకంటే మంచి తూటా లేదు.

నా మొదటి ఫైరింగ్ ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. 25 గజాల దూరాన ఇసుక దిబ్బకు ఆనించిన కాగితం. "లేట్ పొజిషన్" అని కేక. గోనెపట్టా మీద బోర్లా పడుకున్నాను. "భర్" అన్నారు, తూటా నింపాను. పాత బీఎస్‌ఏ రైఫిల్, బారు మనిషికి చేసింది. బట్, అంటే రైఫిల్ వెనుక చెక్క, భుజపు గుంతలో కుదరక చేతి కండ మీదికి జారుతోంది. బ్యాక్‌సైట్ అందుకోవాలని మెడ చాచాను. శిస్త్ తీసుకుని, అంటే గురి చూసి, ఐదు తూటాలూ కాల్చాను. కాగితం దగ్గరికి వెళ్లి చూస్తే నాలుగే చిల్లులు, ఒక్కోటి ఒక్కో మూల. నా పక్కన పడుకున్న పొడుగాటి పిల్లాడి ఐదు చిల్లులూ రూపాయి బిళ్ల కింద దాగిపోయేంత దగ్గరగా ఉన్నాయి. నాకు గురి లేదని ఆరోజే తేల్చేసుకున్నాను. అది నా కంటి లోపం కాదు, బట్ పొడవు అని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇట్లా ఎంతమంది పొట్టి పిల్లలు మైదానం నుంచి తలవంచుకుని వెళ్లిపోయారో అని ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

జాతీయ రైఫిల్ సంఘం 1951లో ఏర్పడినా, ఈ ఆట చాలాకాలం సంపన్నులది, సైనికులది. దాన్ని మధ్యతరగతి ఇంటి దాకా తెచ్చింది గాలి తుపాకి. 1984 ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ చేరింది. తూటా మందు లేదు, 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్టు, ఒక పెద్ద గది ఉంటే చాలు. లక్ష్యం నడిమి చుక్క మాత్రం అర మిల్లీమీటరు, పెన్సిల్ మొన ఆనించినంత. హైదరాబాద్‌లో 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడల్లో గగన్ నారంగ్ స్వర్ణం గెలిచాడు. 2008లో అభినవ్ బింద్రా బీజింగ్ స్వర్ణంతో దేశం ఇటు తిరిగి చూసింది. 2012 లండన్‌లో నారంగ్ 701.1 పాయింట్లతో కాంస్యం తెచ్చాడు. అతని అకాడమీలో నేర్చుకున్న హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ 2022 బధిరుల ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ స్వర్ణం సాధించాడు. చప్పుడుతో పని లేని ఆట ఇదని ఆ పిల్లాడు చూపించాడు.

చట్టం కూడా దారి ఇచ్చింది. 2016 ఆయుధ నియమాల ప్రకారం పాయింట్ 177 బోరు, 20 జౌళ్ల శక్తి దాటని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు, దుకాణంలో గుర్తింపు, చిరునామా పత్రాలు ఇస్తే చాలు. పాయింట్ టూ టూకు లైసెన్సు తప్పదు, సొంతానికి 21 ఏళ్లు నిండాలి. పన్నెండేళ్లు దాటిన పిల్లలు శిక్షకుల కళ్లెదుట సాధన చేయవచ్చు. పాయింట్ టూ టూ తూటా గురి తప్పితే మైలుకు దగ్గరగా పోగలదు. మేకలు తిరిగే గుట్టల్లో, గని ఒడ్డున కాల్చిచూసే వస్తువు కాదది.

అందుకే ఆ తండ్రికి చెప్పాను: మొదటిది ఎయిర్ రైఫిలే. పోటీ నిబంధన 5.5 కిలోల దాకా ఒప్పుకుంటుంది గానీ, 35 కిలోల పిల్ల ఆ బరువు ఎత్తితే నడుము వంకర పోతుంది. తేలికది, బట్ పొడవు, చెంప ఆనే చెక్క రెండూ జరుపుకోగలిగినది చూడండి. బట్ భుజపు గుంతలో కూర్చోవాలి, మెడ చాచకుండానే కన్ను సైట్ వెనక్కి రావాలి. ఏ కన్ను బలమైందో ముందే చూసుకోండి. రెండు అరచేతుల మధ్య చిన్న సందు చేసి దూరపు దీపాన్ని చూడమనండి, ఒక్కో కన్నూ మూయమనండి. ఏ కన్ను మూస్తే దీపం మాయమవుతుందో అదే గురి కన్ను. ఎడమ కన్నయితే ఎడమచేతి వాటం రైఫిల్ అడగండి, కుడికి అలవాటు చేయాలని పట్టుబట్టకండి. విదేశీ పేరు చూసి అప్పు చేయకండి. ఏడాదిపాటు క్లబ్బు రైఫిల్‌తో కాల్చాక పాపకే తెలుస్తుంది తనకేది కావాలో. ఇంటికి తెచ్చాక తాళం వేసిన పెట్టెలో పెట్టండి, తాళంచెవి మీ దగ్గరే ఉండాలి.

మన బడుల పెద్దలకూ ఒక మాట. పది మీటర్ల గది, వెనుక గట్టి గోడ, ఓపికున్న ఒక శిక్షకుడు, రెండు మూడు కొలతల రైఫిళ్లు ఉంటే చాలు. పొట్టి పిల్లలకు పొట్టి బట్ ఉన్న రైఫిల్ ఒకటైనా తప్పక కొనండి.