చిన్న వాల్వే.. పంపుసెట్టుకు రక్ష

సుంకేసుల వద్ద తుంగభద్ర నుంచి మొదలయ్యే కర్నూలు-కడప కాలువ వెంబడి, కుందూ, పెన్నా తీరాల్లో, పాత వ్యవసాయ బావుల వద్ద సెంట్రిఫ్యూగల్ పంపుసెట్లు కనిపిస్తాయి. వీటి కేసింగ్ పైభాగాన వేలెడంత వాల్వు, అడుగున మరో వాల్వు లేదా బిరడా ఉంటాయి. చూడటానికి చిన్నవే అయినా నీరు రావడం, మోటారు మన్నడం వీటిపైనే ఆధారపడి ఉంటాయి.

గాలి ఉంటే నీరు రాదు
ఇంపెల్లర్ వేగంగా తిరుగుతూ నీటిని అంచులకు విసురుతుంది. మధ్యలో పీడనం తగ్గుతుంది. అప్పుడు వాతావరణ పీడనం బావిలోని నీటిని సక్షన్ పైపులోకి నెడుతుంది. గాలి నీటికంటే సుమారు 800 రెట్లు తేలిక. కేసింగ్‌లో గాలి చేరితే ఇంపెల్లర్ ఎంత తిరిగినా నీరు అందదు. అందుకే ముందుగా పైపును, కేసింగ్‌ను నీటితో నింపాలి. దీనినే ప్రైమింగ్ అంటారు.

పై వాల్వు పని
నీరు పోసేటప్పుడు లోపలి గాలి బయటకు పోయే దారి ఇదే. దీనిని తెరిచి, బుడగలు ఆగి నీరు ఏకధారగా వచ్చేవరకు పోయాలి. తర్వాత గట్టిగా మూసి మోటారు వేయాలి. డెలివరీ వైపు గేటువాల్వు ఉంటే మూసి ఉంచి, మోటారు వేగం అందుకున్నాక నెమ్మదిగా తెరవాలి. దీంతో మోటారుపై భారం తగ్గుతుంది.

అడుగు వాల్వు పని
మరమ్మతు సమయంలోనూ, పంపును కొన్నాళ్లు వాడనప్పుడూ కేసింగ్‌లోని నీటిని, పేరుకున్న ఒండ్రును దీని ద్వారా తీసివేయాలి. లేకుంటే తుప్పు పడుతుంది.

ఫుట్‌వాల్వుపై కన్నేయాలి
సక్షన్ పైపు చివర ఉండే ఫుట్‌వాల్వు నీటిని వెనక్కి జారనివ్వదు. రోజూ నీరు పోయాల్సి వస్తుంటే అది కారుతున్నట్లు అనుమానించాలి. ఆటోస్టార్టరు ఉన్నచోట ముప్పు మరింత ఎక్కువ. కరెంటు పోయి వచ్చేలోగా నీరు జారిపోతే, రైతు లేని వేళ మోటారు దానంతటదే మొదలై పంపు నీరు లేకుండా తిరుగుతుంది. గ్లాండు, సీలు కాలిపోతాయి. సరఫరా ఉన్న కొద్ది గంటలూ వృథా అవుతాయి.

లోతుకూ హద్దుంది
వాతావరణ పీడనం నీటిని సిద్ధాంతరీత్యా 10.3 మీటర్ల ఎత్తుకే నెట్టగలదు. ఆచరణలో 6 నుంచి 7 మీటర్లకు మించదు. వేసవిలో నీటిమట్టం పడిపోతే పంపును కిందికి దించక తప్పదు. బోర్లలోని సబ్‌మెర్సిబుల్ పంపులు నీటిలోనే మునిగి ఉంటాయి గనుక వాటికి ప్రైమింగ్ అక్కర్లేదు.

మోటారు వేసిన కొద్దిసేపటికీ నీరు రాకుంటే వెంటనే ఆపాలి. మెయిన్ స్విచ్ తీసి, పై వాల్వు తెరిచి మళ్లీ నీరు నింపాలి.