గురువా, తోటిమనిషా? మనోచికిత్సలో నేకీ ప్రతిపాదనపై ఒక అభ్యంతరం

భారతీయ మనోచికిత్స మీద ఏ సదస్సు జరిగినా ఎవరో ఒకరు జె.ఎస్. నేకీ పేరు ఎత్తక మానరు. మనవాళ్లకు పాశ్చాత్య పద్ధతి ఒంటబట్టదని, గురుశిష్య సంబంధమే చికిత్సకు తగిన నమూనా అని ఆయన 1973లో చేసిన ప్రతిపాదన యాభై ఏళ్లుగా ఒక పత్రం నుంచి మరో పత్రానికి పాకుతూ సిద్ధాంతమై కూర్చుంది. దాన్ని మళ్లీ పరీక్షకు పెట్టిన తెలుగు వ్యాసం నా కంటబడలేదు. ఆ అసంతృప్తే ఈ వ్యాసానికి ప్రేరణ.

నేకీ సామాన్యుడు కాదు. చండీగఢ్ పీజీఐ డైరెక్టర్‌గా పనిచేసిన మానసిక వైద్యుడు, సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన పంజాబీ కవి. మరొకరి మీద ఆధారపడటం మన సమాజంలో లోపం కాదని ఆయన చెప్పింది నిజం. అంతవరకు నాకు పేచీ లేదు. పేచీ ఆ తర్వాత వేసిన అంగతోనే. ఆధారపడే మనిషికి ఆ ఆధారం గురువే ఎందుకు కావాలి? వదిన, తోటికోడలు, పక్కింటి పిన్నిగారు, డ్వాక్రా సంఘంలో తోటి సభ్యురాలు ఈ నమూనాలో ఎక్కడున్నారు? శిష్యుడు గురువును వెతుక్కుంటూ వెళ్తాడు, తనను తాను అప్పగించుకుంటాడు. ఒళ్లు నొప్పులని, గుండెదడని, నిద్ర పట్టడం లేదని పీహెచ్‌సీకి వచ్చి బలం మాత్రలు పుచ్చుకుని వెళ్లిపోయే ఆడమనిషి ఎవరికి శిష్యురాలు?

గోదావరి డెల్టాలోని ఒక ఊళ్లో నేను చూసింది వేరు. ఆశా కార్యకర్త అరుగు మీద కూర్చుని ఇంటావిడతో పాటు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. భర్త పోయినప్పటి నుంచి ఆ ఇంటావిడ గడప దాటలేదు. “వదినా, రేపు పొద్దున్నే రామాలయం దాకా నడిచిరా. దారిలో మీ తోటికోడలి ఇంటి దగ్గర కాసేపు ఆగు. ఎల్లుండి వచ్చి అడుగుతా” అంది కార్యకర్త. “కాళ్లు పీకుతాయే” అని ఆమె గొణిగింది. “సగం దూరమైనా సరే.” ఉపదేశం లేదు, వేదాంతం లేదు. ఒక చిన్న పని, మళ్లీ వచ్చి అడుగుతానన్న మాట, అంతే.

ఇలాంటి పనినే ఒక క్రమపద్ధతిలో పెట్టిన చికిత్సను బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు. గోవాలో విక్రమ్ పటేల్ బృందం 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో దీన్ని పరీక్షించి 2017లో లాన్సెట్‌లో ఫలితాలు ప్రకటించింది. తీవ్రమైన కుంగుబాటుతో ఉన్న 495 మందిని తీసుకున్నారు. కౌన్సెలర్లు స్థానికులే. మానసిక వైద్యంలో పూర్వశిక్షణ లేనివారే. ఆరు నుంచి ఎనిమిది సార్లు కలిశారు, కేంద్రంలోనో ఇంటి దగ్గరో. మూడు నెలల తర్వాత చూస్తే, వాళ్లతో మాట్లాడినవారిలో 64 శాతం మంది కోలుకున్నారు. మామూలు వైద్యం మాత్రమే అందినవారిలో 39 శాతం. నాకు ఈ అంకెల కంటే విలువైనది మరొకటి ఉంది. అక్కడ కౌన్సెలర్లు తమ సంభాషణల రికార్డింగులు విని ఒకరి పనిని ఒకరు అంచనా వేసుకునేవారు. అంటే పర్యవేక్షణలో కూడా గురుపీఠం లేదు.

రావల్పిండి సాక్ష్యం ఇంకా గట్టిది. అతీఫ్ రెహమాన్ బృందం 2008లో ప్రచురించిన పరీక్షలో లేడీ హెల్త్ వర్కర్లు కుంగుబాటుతో ఉన్న గర్భిణుల ఇళ్లకు వెళ్లి, కాన్పు తర్వాత కూడా పలకరిస్తూ వచ్చారు. బిడ్డ పుట్టిన ఆరు నెలలకు చికిత్స అందిన తల్లుల్లో 23 శాతం మందిలోనే కుంగుబాటు మిగిలింది. రెండో వర్గంలో 53 శాతం. ఆ రెండో వర్గం ఇళ్లకూ కార్యకర్తలు అన్నిసార్లే వెళ్లారు, ఈ శిక్షణ లేకుండా. కాబట్టి ఊరికే పలకరించి రావడం కాదు, పద్ధతి నేర్చుకున్న తోటి ఆడమనిషి రావడమే మందైంది. జింబాబ్వేలోని హరారేలో మానసిక వైద్యుడు డిక్సన్ చిబాండా కౌన్సెలింగ్ కోసం బెంచీల మీద కూర్చోబెట్టిన కార్యకర్తల అనుభవమూ ఇదే దారి చూపుతుంది.

మన దగ్గర పశ్చిమ గోదావరిలోని 30 గిరిజన గ్రామాల్లో ఆశా కార్యకర్తలే ట్యాబ్లెట్ పట్టుకుని ఇంటింటా మానసిక ఆరోగ్యం గురించి ప్రశ్నలడిగారు. సమస్య ఉన్నట్టు తేలినవారిలో అంతకుముందు ఎప్పుడైనా మానసిక వైద్యం పొందినవారు 0.8 శాతం. ఆ తర్వాత పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి వెళ్లినవారు 12.6 శాతం. పోల్చి చూసేందుకు అక్కడ వేరే వర్గం లేదన్నది నిజమే.

పురాణమే ప్రమాణమనేవారికి కూడా జవాబుంది. మానసిక వైద్యుడు ఎన్.ఎన్. విగ్ 2004లో హనుమంతుడి కథను మనోచికిత్సకు ఉదాహరణగా చూపారు. సముద్రతీరాన ఒంటరిగా, మౌనంగా కూర్చున్న హనుమంతుడికి అతని బలాన్ని గుర్తుచేసింది జాంబవంతుడు. వయసులో పెద్దవాడే గాని గురువు కాదు. సీత జాడ దొరక్క, సుగ్రీవుడి గడువు దాటిపోయి, అందరితో పాటు అదే ఒడ్డున చిక్కుకున్నవాడు. దాటగల శక్తి తనకు ఇప్పుడు లేదని ఒప్పుకున్నాకే మాట్లాడాడు. విగ్ ఈ కోణాన్ని నొక్కి చెప్పకపోయినా, కథలోని చికిత్స అంతా అక్కడే ఉందని నా అభిప్రాయం.

అందువల్ల తెలుగువారి మనోవ్యథకు గురుశిష్య నమూనా పొసగదని నేను నిర్ధారిస్తున్నాను. ఇది పల్లెకే పరిమితం కాదు. హైదరాబాద్ హాస్టల్లో దిగులుపడే కుర్రాడికీ, డల్లాస్‌లో ఒంటరిగా చదువుకునే అమ్మాయికీ ఇదే వర్తిస్తుంది. ఎంఏ సైకాలజీ తరగతుల్లో నేకీ వ్యాసాన్ని చరిత్రగా చదివించండి. దాని పక్కనే గోవా, రావల్పిండి ఫలితాలు పెట్టండి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఆశా కార్యకర్తలకు కౌన్సెలింగ్‌లో శిక్షణ ఇచ్చి, ఆ పనికి విడిగా పారితోషికం చెల్లించాలి.