మూలనిల్వ అందనప్పుడు: పటాన్‌చెరు విత్తన భాండాగారం, దాని ప్రతులు

కంప్యూటర్ అన్వేషణ వ్యవస్థల్లో ఒకే సూచికను పలు సర్వర్లలో భద్రపరుస్తారు. ప్రధాన సర్వర్ స్పందించకపోతే, ప్రతి ఉన్న మరొక సర్వర్ ఆ బాధ్యత స్వీకరించాలి. అందుకు ఆ ప్రతి తాజాగా ఉండాలి. పాత సర్వర్ నశించిందా, కేవలం అందకుండా పోయిందా అన్నదీ తేల్చుకోవాలి. ఈ చిక్కు యంత్రాలకే పరిమితం కాదు. 1972లో పటాన్‌చెరులో ఏర్పడిన ఇక్రిశాట్ విత్తన నిల్వల విషయంలోనూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది.

జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాలకు చెందిన లక్షకు పైగా నమూనాలు ఇక్రిశాట్ జన్యు బ్యాంకులో ఉన్నాయి. దీర్ఘకాలిక నిల్వను మైనస్ 20 డిగ్రీల వద్ద ఉంచుతారు. నార్వేలో 2008లో స్వాల్‌బార్డ్ ప్రపంచ విత్తన భాండాగారం తెరుచుకున్నాక, ఇక్రిశాట్ తన ప్రతులను అక్కడికి పంపుతూ వచ్చింది. అయితే పంపిన సంస్థ తప్ప ఆ పెట్టెలను మరెవరూ తెరవరాదు. అంటే స్వాల్‌బార్డ్ పటాన్‌చెరుకు బదులుగా పరిశోధకులకు విత్తనం ఇవ్వదు. అది దాచిన ప్రతి మాత్రమే, పనిచేసే ప్రతి కాదు.

ఈ భేదం ఎంత ముఖ్యమో సిరియాలో రుజువైంది. అలెప్పో సమీపంలోని ఇకార్డా జన్యు బ్యాంకు అంతర్యుద్ధం వల్ల విత్తనం పునరుత్పత్తి చేసి పంపిణీ చేయలేని స్థితికి చేరింది. గమనించదగిన విషయమేమంటే, 2015లో స్వాల్‌బార్డ్ నుంచి సుమారు 38 వేల నమూనాలను వెనక్కి తీసుకునే నాటికి అలెప్పో నిల్వ ధ్వంసం కాలేదు, చేతికి అందలేదంతే. వచ్చిన విత్తనాన్ని లెబనాన్, మొరాకోలలో విత్తి, పెంచి, కోసి, ఎండబెట్టవలసి వచ్చింది. కొంత భాగం 2017లో తిరిగి స్వాల్‌బార్డ్ చేరింది. సర్వర్ల మధ్య క్షణాల్లో ముగిసే బదిలీకి ఇక్కడ పంటకాలాలు పట్టాయి. శనగ ఇక్రిశాట్, ఇకార్డా రెండూ సేకరించే పంట కనుక ఈ ఉదంతం పటాన్‌చెరుకు దూరపు కథ కాదు.

విత్తనం మిగిలినంత మాత్రాన నిల్వ నిలిచినట్టూ కాదు. ఏ గ్రామంలో, ఎప్పుడు సేకరించారన్న వివరపట్టిక పోతే, సంచిలోని గింజ అన్వేషణకు దొరకదు. చర్చల్లో ఈ అంశానికి తగిన చోటు దక్కడం లేదు.

అదే సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాద్ ప్రాంతంలో, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు వేప ఆకు, బూడిద కలిపి గంపల్లో విత్తనాలను దాస్తాయి. అక్కడ ప్రధాన నిల్వ అంటూ ఒక్కటి లేదు. ఒక గంపకు పురుగు పట్టినా, పక్క ఊరి గంపలోని విత్తనం మరుసటి వానకాలానికే పొలానికి చేరగలదు. కాకపోతే ఏటా పొలంలో మారుతూ వచ్చిన ఆ రకం, దశాబ్దాల క్రితం శీతలగదిలో చేరిన నమూనాతో అచ్చంగా ఒకటి కాదు.