సూదికి సూది

మత్తుమందు వాడువానిచేత దానిని మాన్పింపవలయునే గాని, ఎక్కించుకొనుటకు క్రొత్త సూదిని తెచ్చి చేతికిచ్చుట యేమి ధర్మము? ఈ సంగతి మొదట విన్నప్పుడు మాకును ఈ ప్రశ్నయే పుట్టినది. ఇంటిలో నొక త్రాగుబోతుతో వేగిన ప్రతి గృహిణికిని పుట్టును. దొంగను పిలిచి తాళపుచెవి యిచ్చినట్లున్నదని మా మిత్రులొకరనిరి. అయినను గత నలువది సంవత్సరములలో పెక్కు దేశములు ఈ పనిని చేసినవి. కొన్ని సిగ్గుపడుచు, కొన్ని చట్టమును ధిక్కరించి, కొన్ని ఆలస్యము చేసి పీనుగులను లెక్కించుకొనిన పిమ్మట. ఆ కథ వినిన తరువాత ఎవరి తీర్పు వారు చెప్పుకొనవచ్చును. వినకమున్నే చెప్పుట న్యాయము గాదని తోచి దీనిని వ్రాయుచున్నాము.

సూదిమందు పుట్టినిండ్లలో నొకటి స్కాట్లండు దేశపు ఎడింబరో నగరము. 1853లో అచ్చటి వైద్యుడు అలెగ్జాండర్ వుడ్ బోలుసూదిని అమర్చిన చిన్న పిచికారితో, నల్లమందునుండి తీసిన మార్ఫిన్‌ను నొప్పి యున్నచోట చర్మము క్రిందికి ఎక్కించెను. నోట మ్రింగిన మందే వ్యసనమగును గాని సూదితో పోయినది కాజాలదని నాటి వైద్యులలో పలువురు నమ్మిరి. ఆ నమ్మకము తప్పని ఇంచుమించు ఇరువదేండ్లలోనే తేలినది. వుడ్ భార్యయే ఈ వ్యసనమునకు తొలుత బలియైనదని యొక కథ నేటికిని గ్రంథములలో తిరుగుచున్నది. అది కల్ల, ఆమె భర్త గతించిన పిదపను జీవించియుండెను. 1874లో లండనులో మార్ఫిన్ నుండి మఱియొక పదార్థమును చేసిరి. 1898లో జర్మనీదేశపు బేయర్ కంపెనీవారు దానికే హెరాయిన్ అని పేరుపెట్టి దగ్గుమందుగా అమ్మిరి. కావున ఈ విషమును, దాని వాహనమును రెండింటిని లోకమునకిచ్చినది దొంగలు గారు, మందు చేయువారే.

మందు వేఱు, సూది వేఱు అను మాట ఇచ్చట ముఖ్యము. మందు మనుష్యుని మెల్లగా పాడుచేయును. పలువురు పంచుకొనిన సూది ఒక్క గడియలో నొకని రోగమును మఱియొకనికి చేర్చును. 1929లో కైరో నగరమున హెరాయిన్ ఎక్కించుకొనువారిలో మలేరియా వ్యాపించినది. వెదకి చూడగా దోమ కారణము గాదు. ఒకే పిచికారిని పలువురు వాడుటయే కారణము. తరువాతి దశాబ్దమున న్యూయార్కులోను ఇదే కనబడెను. మలేరియా క్రిమి దోమ కడుపున నుండునని రోనాల్డ్ రాస్ కనిపెట్టినది మన సికిందరాబాదులోనే, 1897 ఆగస్టు 20వ తేదీన. ఆయన దోమను పట్టుకొనిన ముప్పది రెండేండ్లకు సూదియే దోమ పని చేయుచున్నట్లు తేలినది. ఈ పోలికను చదువరులు గుర్తుంచుకొందురు గాక. ముందు దీనితో పని గలదు.

మా చిన్నతనమున కాంపౌండరు ఇంటికి వచ్చినప్పుడు గాజు సిరంజిని చిన్న పెట్టెలో స్పిరిటు దీపముపై మఱిగించెడివాడు. నీళ్లు తెర్లునంతసేపు పిల్లలము వణకుచు నిలుచుండెడివారము. ఎందులకు మఱిగించెనో మా అమ్మమ్మకు సైతము తెలియును. రక్తనాళము దొరకినదో లేదో చూచుటకై సూది గ్రుచ్చినవాడు కొంచెము రక్తమును వెనుకకు లాగును. ఆ రక్తపు తడి గొట్టములోను సూదిలోను మిగులును. కాలేయమును చెఱచు హెపటైటిస్ బి, సి క్రిములును, 1983లో పారిస్ పాస్తర్ సంస్థలో కనుగొనబడి తరువాత హెచ్.ఐ.వి. యని పిలువబడిన క్రిమియు ఆ తడిలో ప్రయాణము చేయును. వీధి మూలల చీకటిలో మఱిగించువా డెవడు?

ఇప్పుడు మరల ఎడింబరోకు పోవలయును. 1980 ప్రాంతమున ఆ నగరమున చౌకధర హెరాయిన్ వెల్లువగా వచ్చినది. పనిలేని యువకులు నివసించు పేటలలో అది ఇల్లిల్లు చొచ్చెను. అధికారులు కఠినముగా నుండదలచిరి. 1982 ప్రాంతమున వైద్యపరికరముల దుకాణములు ఇట్టివారికి సూదులమ్ముట మానినవి. జేబులో సూది దొరకినవానిని పోలీసులు పట్టుకొని, దానిని లాగికొనిరి. సూదులు లేకున్న వ్యసనము మానుదురని వారి తలంపు. ఆ తలంపులో దుర్బుద్ధి లేదు. కాని వ్యసనము మానలేదు. సూదులు మాత్రము తక్కువైనవి. ఒక్కొక్క గదిలో పదిమందియు ఇరువదిమందియు చేరి ఒకే మొద్దుబారిన సూదిని చేతులు మార్చుకొనిరి.

మ్యూర్‌హౌస్ అను పేటలో రాయ్ రాబర్ట్‌సన్ అను యువవైద్యుడు వీరికి చికిత్స చేయుచు, కామెర్ల పరీక్షకై తీసిన రక్తమును నిలువయుంచియుండెను. 1985లో హెచ్.ఐ.వి. పరీక్ష వచ్చినది. ఆయనయు ఆయన సహచరులును 164 మంది రక్తమును పరీక్షింపగా నూటికి 51 మందిలో క్రిమి యున్నట్లు తేలెను. 1986లో ఆ వ్రాత అచ్చుపడినప్పుడు వైద్యలోకము ఉలికిపడెను. సుమారు 70 కిలోమీటర్ల దూరమున నున్న గ్లాస్గోలో హెరాయిన్ వాడువారు తక్కువగా లేరు. ఆ క్రిమి మాత్రము నూటికి పదిమందిలోనైన లేదు. అచ్చట సూదులు దొరకుట ఇంత కష్టము గాకుండెను. ఒకే దేశము, ఒకే జాతి, ఒకే మందు. భేదము సూది యొక్కటియే. మంచి ఉద్దేశముతో మూసిన తలుపు వెనుక ఎందఱు చిన్నవారు చిక్కుకొనిరో తలచిన మనసు కలగును. వారిలో పెక్కుమంది ముప్పది యేండ్లు నిండని స్త్రీపురుషులు. కొందఱు చంటిపిల్లల తల్లులు. నాటికి ఈ వ్యాధికి మందు లేదు.

ఇట్టి కీడును ముందుగా ఊహించినవారు పండితులు గారు, పాలకులు గారు. హాలండు దేశమున మత్తుమందు వాడువారే కూడి ఒక సంఘము పెట్టుకొనియుండిరి. తమను తామే జంకీల సంఘమని పిలుచుకొనిరి. 1984లో ఆంస్టర్‌డాం నడుమ నున్న యొక మందుల అంగడివాడు వీరికి సిరంజిలమ్ముట మానగా, కామెర్లు ప్రబలునని భయపడి వీరు నగర ఆరోగ్యశాఖవారి వద్దకు పోయిరి. శాఖవారు వారమునకొకసారి సిరంజిల మూటలను సంఘమునకిచ్చుటకు ఒప్పుకొనిరి. సంఘము వానిని పంచి, వాడినవానిని తిరిగి తెచ్చి యొప్పగించెడిది. అప్పటి భయము కామెర్లను గూర్చినది, ఎయిడ్స్‌ను గూర్చినది గాదు. వ్యసనపరుడు తన ప్రాణమును లెక్కచేయడను మాట తప్పని ఈ వ్యసనపరులే చూపిరి. మాకు ఈ చరిత్రలో మిక్కిలి నచ్చిన ఘట్టమిదియే.

ఎడింబరో చేసిన తప్పును దిద్దుటకు బ్రయన్ మెక్లెలండ్ అధ్యక్షతను ఏర్పడిన సంఘము 1986లో సూదులియ్యవలసినదేయని చెప్పెను. 1987లో బ్రిటిష్ ప్రభుత్వము ప్రయోగముగా కొన్ని కేంద్రములను తెఱచెను. అప్పుడు ప్రధానిగా నున్నది మార్గరెట్ థాచర్. వ్యసనముపై ఆమెకు జాలి యెక్కువయని ఎవ్వరును అనలేదు; లెక్క చూచుకొని చేసిన పని యది. సిడ్నీలో 1986 నవంబరున అలెక్స్ వోడక్ అను వైద్యుడును ఆయన తోడివారును చట్టమునకు విరుద్ధమని తెలిసియే డార్లింగ్‌హర్స్ట్ పేటలో పంపిణీ మొదలిడిరి. తిరిగి వచ్చిన సిరంజిలను పరీక్షింపగా హెచ్.ఐ.వి. కనబడెను. మఱుసటి యేడు చట్టమే మారినది.

అమెరికా కథ వేఱు. 1988లో వాషింగ్టన్ రాష్ట్రపు టకోమా నగరమున డేవ్ పర్చేస్ అను నాయన ఒక మడతబల్ల, ఒక కుర్చీ తెచ్చుకొని వీధిలో కూర్చుండి, పాత సూది తెచ్చినవానికి క్రొత్త సూది ఇచ్చుట మొదలిడెను. కొంత కాలమునకు ఆ ప్రాంతపు ఆరోగ్యశాఖయే ఆయనకు ధనసహాయము చేసెను. కాని అదే 1988లో కేంద్ర ప్రభుత్వ ధనమును ఇందులకు వాడరాదని శాసనసభ కట్టడి చేసెను. కనెక్టికట్ రాష్ట్రపు న్యూ హేవెన్‌లో 1990 నవంబరున ఒక బండి తిరుగసాగెను. యేల్ విశ్వవిద్యాలయపు ఎడ్వర్డ్ కాప్లన్ గణితజ్ఞుడు. మనుష్యులను ప్రశ్నించిన నిజము చెప్పకపోవచ్చును గాని సూది అబద్ధమాడదని తలచి, ఇచ్చు ప్రతి సూదిపైనను గుర్తు వేయించి, తిరిగి వచ్చినదానిని పరీక్షింపజేసెను. సూదిని దోమగా నెంచి, మలేరియా లెక్కలను పోలిన లెక్క కట్టెను. దోమ ఆయువు తగ్గిన మలేరియా తగ్గును. సూది చేతులు మారు కాలము తగ్గిన క్రిమి వ్యాప్తి తగ్గును. పోవువారిలో క్రొత్త వ్యాధులు సుమారు మూడవవంతు తగ్గియుండునని ఆయన అంచనా. దీనివలన వ్యాధి తగ్గుననియు, మత్తుమందు వాడుక పెరుగదనియు 1998లో ఆరోగ్యమంత్రి డోనా షలేలా బహిరంగముగా ఒప్పుకొనెను; ధనము మాత్రము విడుదల కాలేదు. నిషేధము 2009లో తొలగి, 2011లో మరల వచ్చి, 2015 చివర కొంత సడలినది. సిరంజి కొనుటకు నేటికిని అచ్చటి కేంద్ర ధనము పనికిరాదు. తక్కిన ఖర్చులకు పనికివచ్చును. అదే 2015లో ఇండియానా రాష్ట్రమున నాలుగు వేల జనముగల ఆస్టిన్ అను చిన్న పట్టణమునందును దాని చుట్టుప్రక్కలను 200 మందికి పైగా ఈ వ్యాధి సోకెను. సూదుల మార్పిడి కెదురు నిలిచిన గవర్నరు మైక్ పెన్స్ అత్యవసర స్థితిని ప్రకటించి దానికే సమ్మతింపవలసివచ్చెను.

ఎదుటివారి మాటలును చెప్పవలయును. 1997లో కెనడాదేశపు మాంట్రియల్, వాంకూవర్ నగరముల పరిశోధనలలో మార్పిడికి పోవువారిలోనే వ్యాధి యెక్కువగా కనబడెను. మిక్కిలి ఆపదలో నున్నవారే అచ్చటికి చేరుటయు, రోజునకు పలుమారులు ఎక్కించుకొనువారికి ఇచ్చిన సూదులు చాలకుండుటయు కారణములని పిమ్మట విమర్శకులు చెప్పిరి. ఆస్పత్రికి పోవువారిలో రోగు లెక్కువగా నుందురను సామ్యము కొంతవఱకే చెల్లును; మార్పిడి యొక్కటియే చాలదని మాత్రము ఆ పరిశోధనలు నేర్పినవి. పాఱవేసిన సూది పిల్లల కాళ్లలో గ్రుచ్చుకొనునను భయమును తేలికగా త్రోసివేయరాదు. పాతది తెచ్చినగాని క్రొత్తది ఇయ్యమను నియమము పుట్టినది అందులకే.

మన దేశమున ఈ బాధ మొదట పడినది మణిపురము. బర్మా సరిహద్దున మోరే దారిని తెల్లని హెరాయిన్ వచ్చెడిది. 1989-90లో క్రిమి ప్రవేశించి, ఏడాది తిరుగకమున్నే పరీక్షింపబడిన సూదివాడుకరులలో సుమారు సగముమందిలో కనబడెను. సిరంజి దొరకక కొందఱు సిరాచుక్కల గొట్టమునకు సూదిని తొడిగి వాడిరి. అచ్చటి తల్లులు 1970ల నుండి రాత్రులు దివిటీలు పట్టుకొని త్రాగుడుపై పోరాడినవారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై లేచిన కథ ఎఱిగిన మనకు వారి మనసు తెలియనిది గాదు. విషమును ఊరినుండి తఱుమవలయునను కోరికలో తప్పు లేదు. కాని అప్పటికే మరిగిన కొడుకు ఇంటిలో నున్నాడు. వానిని జైలులో వేయించిన తల్లులు నుండిరి. జైలులోనైనను బ్రదుకునని వారి ఆశ. 1995 నాటికి చురాచాంద్‌పూర్‌లో స్వచ్ఛంద సేవకులు సూదులు మార్చి యిచ్చుట ప్రారంభించిరి. 1996లో మణిపుర ప్రభుత్వము దీనిని తన ఎయిడ్స్ విధానమునందు చేర్చెను. కొడుకు సూది పెట్టుకొని వచ్చిన చోటనే వానికి పుండు కడిగి కట్టువారు, పరీక్షకు పంపువారు, మానుటకు మందిచ్చువారు ఉండిరి. ఇంటివారు మాటలాడుట మానిన పిమ్మట వానితో మాటలాడినవారు వారే.

1985 నాటి మత్తుమందుల చట్టము ప్రకారము ఇట్టి సేవకుడు నేరమునకు తోడుపడినవాడగునేమో యను సందేహము మాత్రము చాలకాలము వెంటాడెను. 2017లో పార్లమెంటు చేసి, 2018 సెప్టెంబరు 10 నుండి అమలునకు వచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టపు 22వ పరిచ్ఛేదము ఆ సందేహమును తీర్చినది. శాసనములు సామాన్యముగా కథలు చెప్పవు గాని, ఇందులో చిన్న దృష్టాంతమొకటి గలదు. ఒకడు శుభ్రమైన సూదిని ఇచ్చును, మఱియొకడు వాడిన సూదిని అప్పగించి దానిని పుచ్చుకొనును. ఆ కార్యమునకై ఇద్దఱిలో నెవ్వరును నేరస్థులు గారు.