మంట కోసం పుట్టిన మందు

కోనసీమలో మూత్రానికి వెళ్తే మంటగా ఉందంటే ముందు వినపడే మాట, "వేడి చేసి ఉంటుంది, కొబ్బరినీళ్ళు తాగు". రెండు రోజులకీ తగ్గకపోతే అమలాపురంలోనైనా రాజోలులోనైనా మందుల షాపుకి మనిషిని పంపి నాలుగు సిప్రో (సిప్రోఫ్లాక్సాసిన్) బిళ్ళలు తెప్పిస్తారు. ఆ బిళ్ళ వంశం మొదలైందే ఈ మంట కోసం.

1962లో అమెరికాలో జార్జ్ లెషర్ బృందం, మలేరియా మందు క్లోరోక్విన్ తయారీలో పుట్టిన ఒక ఉపపదార్థం వెంటపడి నాలిడిక్సిక్ ఆసిడ్‌ను సాధించింది. మింగిన మందు మూత్రంలో బాగా చేరేది కాబట్టి మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లకే వాడారు. బాక్టీరియా డీఎన్‌ఏ మెలికలను సర్దే గైరేజ్ అనే ఎంజైమును అది పనిచేయనివ్వదు. సిప్రోఫ్లాక్సాసిన్ దాని వారసుల్లో ఒకటి.

ఈ మందులకు లొంగని గుణం బాక్టీరియాకు సొంత జన్యువుల్లో మార్పు వస్తేనే అబ్బుతుందని చాలాకాలం నమ్మారు. 1998లో మార్టినెజ్-మార్టినెజ్, జాకోబీ అనే పరిశోధకులు ఇంకేదో పరిశీలిస్తుండగా ఆ నమ్మకం చెదిరింది. అమెరికాలోని అలబామాలో ఒక రోగి మూత్రంలో దొరికిన క్లెబ్సియెల్లా అనే బాక్టీరియా, ప్లాస్మిడ్ అనే డీఎన్‌ఏ ఉంగరం ద్వారా ఆ గుణాన్ని పక్క బాక్టీరియాకు అందిస్తోంది. అంటే ఒకటి నేర్చిన విద్య ఊరంతటికీ వస్తుంది!

ఇక మన గడ్డ మీది సంగతి. 2007లో స్వీడన్‌కు చెందిన యోకిం లార్సన్ బృందం హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులో, దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు శుద్ధయి బయటికొచ్చేచోట నీళ్ళు పరీక్షించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్! మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అప్పట్లో ఆ నీళ్ళు ఇసకవాగులో పడేవి. ఇసకవాగు నక్కవాగులోకి, అది మంజీరలోకి, మంజీర గోదావరిలోకి. ఆ మందే కోనసీమ దాకా వచ్చిందని అనను. కానీ అలాంటి నీళ్ళలో మందుకు లొంగనివే బతికి పెరుగుతాయి.

మన ఒంట్లోని బాక్టీరియా మందుకు లొంగుతుందో లేదో ల్యాబులో కల్చర్ ప్లేటు చూస్తే తెలిసిపోతుంది. బాక్టీరియా పరుచుకున్న ప్లేటు మీద మందు అద్దిన చిన్న చిన్న కాగితపు బిళ్ళలు పెడతారు. పనిచేసే మందు చుట్టూ ఖాళీ వలయం ఏర్పడుతుంది. లొంగని బాక్టీరియా అయితే సిప్రో బిళ్ళ అంచుదాకా పెరిగిపోతుంది.

అందుకే మంట మొదలైతే షాపుకి కాదు, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మొదటి బిళ్ళ వేసుకోకముందే యూరిన్ కల్చర్‌కు శాంపిల్ ఇవ్వాలేమో అడగండి. చలిజ్వరం, నడుంనొప్పి ఉన్నవాళ్ళు, గర్భిణులు అసలే ఆలస్యం చేయొద్దు. రిపోర్టు రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోగా డాక్టరు రాసిన మందే వాడండి.