బాదన్‌కుర్తి నుంచి బయల్దేరిన ప్రశ్న

కుండను చూశామంటాం. మన తెలివికి అందింది బయట ఉన్న కుండేనా, లోపల ఏర్పడిన దాని ఆకారమా? జ్ఞానానికి విషయమయ్యేది ఏమిటన్న ఈ విచారణ మన గోదావరి గట్టుకు కొత్త కాదు.

బౌద్ధుల సుత్తనిపాతంలో బావరి కథ ఉంది. కోసల నుంచి వచ్చిన ఆ పండితుడు అస్సక దేశంలో గోదావరి తీరాన ఆశ్రమం కట్టుకున్నాడు. ఆ చోటు నిర్మల్ జిల్లా ఖానాపూర్ మండలంలోని బాదన్‌కుర్తి అని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. బావరి తన 16 మంది శిష్యులను ప్రతిష్ఠానం, ఉజ్జయినిల మీదుగా బుద్ధుడి దగ్గరికి పంపాడు. నామరూపాలు ఎక్కడ అణగిపోతాయని వారిలో అజితుడు అడిగాడు. విజ్ఞానం, అంటే తెలివి, ఆగినచోటే అవీ ఆగుతాయని బుద్ధుడు చెప్పాడు. తెలివికీ, తెలిసేదానికీ ఉన్న ముడి అలా చర్చకొచ్చింది. బౌద్ధ ధర్మం ఈ నేలలో వేళ్లూనిందనడానికి పెద్దపల్లి జిల్లా ధూళికట్టలోని శాతవాహనుల నాటి స్తూపమే సాక్ష్యం.

తెలివికీ, తెలిసేదానికీ ఉన్న ఆ ముడిని తర్కంతో పరీక్షించినవాడు బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు. ఆయన వేంగి దగ్గరి కొండ మీద తర్కగ్రంథం రచించాడని 7వ శతాబ్దపు చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ రాశాడు. 8 శ్లోకాల ‘ఆలంబన పరీక్ష’లో దిఙ్నాగుడు రెండు షరతులు పెట్టాడు. విషయం జ్ఞానాన్ని పుట్టించాలి, జ్ఞానంలో దాని ఆకారం కనబడాలి. పరమాణువులు జ్ఞానాన్ని పుట్టించినా, పరమాణువులుగా కనబడవు. వాటి కూడిక కనబడుతుంది గానీ, కంటిదోషం వల్ల తోచే రెండో చంద్రుడిలా దానికి నిజమైన ఉనికి లేదు. లేనిది దేన్నీ పుట్టించలేదు. కాబట్టి జ్ఞానంలోని ఆకారమే విషయమని తేల్చాడు.

న్యాయ దర్శనాన్ని అనుసరించే నైయాయికులు దీన్ని ఒప్పుకోలేదు. భాగాలు కలిస్తే వాటికంటే వేరైన నిజమైన వస్తువు పుడుతుందని వాదించారు. 17వ శతాబ్దపు తెలుగువాడు అన్నంభట్టు ఆ సంప్రదాయాన్ని ‘తర్కసంగ్రహం’లో క్లుప్తంగా కూర్చాడు. ఇంద్రియం వస్తువును తాకినప్పుడు పుట్టే జ్ఞానమే ప్రత్యక్షమన్నాడు. నేల మీద కుండ లేకపోవడాన్ని కూడా అభావమనే ఏడో పదార్థం (ఉన్నవాటిని విభజించే వర్గం) కింద లెక్కించాడు. సంస్కృతంలో తర్కం మొదలుపెట్టేవారికి నేటికీ తొలి పుస్తకం అదే.

ఆలంబన పరీక్ష సంస్కృత మూలం పోయింది, టిబెట్, చైనా అనువాదాలు మిగిలాయి. వాటి ఆధారంగా అయ్యస్వామి శాస్త్రి చేసిన సంస్కృత పునర్నిర్మాణం 1942లో అడయారు నుంచి వెలువడింది. ఈ చర్చను ఇప్పుడు చదివి చెప్పే వీలుంది కాబట్టి, కరీంనగర్, ఆదిలాబాద్ కళాశాలల్లో తత్వశాస్త్రం చెప్పే అధ్యాపకులకు ఒక మనవి: ప్లేటో, కాంట్‌లను తప్పక చెప్పండి, వారికంటే ముందు అజితుడి ప్రశ్నను పిల్లల ముందు పెట్టండి.