హీట్‌గన్ వైద్యం

అప్పట్లో మోతీనగర్‌లోని మా రిపేరు బల్ల మీదికి ఒకటే జబ్బుతో లాప్‌టాప్‌లు వచ్చేవి. తెర మీద అడ్డదిడ్డం గీతలు, ఆనక నీలి తెర, ఆపైన చీకటి. ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉండేది. ఫిల్మ్‌నగర్ ఎడిటింగ్ కుర్రాళ్లవైతే మరీను, రెండర్ పెట్టి టీకి వెళ్లొచ్చేసరికి పడుకునేవి. "అన్నా, పొద్దున్నే ప్రొడ్యూసర్‌కి చూపించాలె, ఎట్లన్నా చెయ్యి" అనేవాళ్లు.

విండోస్ మళ్లీ ఎక్కించడం దండగ. అందరం సీసం లేని టంకాన్నే తిట్టేవాళ్లం. 2006 జులై 1న యూరప్ ఎలక్ట్రానిక్స్‌లో సీసాన్ని కట్టడి చేశాక అదే వాడుకలోకి వచ్చింది మరి. అసలు గుట్టు 2008 జులైలో బయటపడింది. తన లాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్పుల్లో కొన్నిటి ప్యాకేజింగ్ సరుకు బలహీనమని తయారీదారు ఎన్విడియానే ఒప్పుకుని, 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. వేడెక్కి చల్లారినప్పుడల్లా సిలికాన్ కింద ఉన్న సన్నటి టంకం బుడిపెలు చిట్లేవి.

మేం రీబాల్ చేసేది, అంటే పాతవి తీసి కొత్తవి పెట్టేది, చిప్పుకీ బోర్డుకీ మధ్య ఉన్న టంకం గుండ్లని. పగులేమో చిప్పు లోపల! ఫ్లక్స్ పూసి వేడిగాలి పట్టిస్తే లోపలి బుడిపెలు కాసేపు అతుక్కునేవి, అంతే. దాన్ని రిపేరు అనడం నాకు ఇప్పటికీ ఇష్టం లేదు.

ఈ చిప్పుల మీద వేసిన దావాలో 2010లో అమెరికా కోర్టులో రాజీ కుదిరింది, అదీ అక్కడ కొన్నవాళ్లకే. ఇక్కడివాళ్లకి నేను చెప్పగలిగింది ఒకటే: "లాప్‌టాప్ బతికుండగానే ఫైళ్లు కాపీ చేసుకోండి."